నలభై ఒక్క గీతలు

కెనెమాలో బడి మూతపడ్డ నెల,
మూడో తరగతి నల్లబల్ల మీద
వాండీ ఊరిని చుక్కలు చేశాడు.
ఎవరు ఎవర్ని తాకితే వాళ్ళ మధ్య ఒక గీత.
ముగ్గయితే ఎక్కడో ఒకచోట మూసుకునేది.

ఒక్క చుక్కకి నలభై ఒక్క గీతలు:
యాట్టా. శవాలకు స్నానం చేయించే మనిషి.
ఈ చుక్క తీసేస్తే
మూడు వారాల్లో జబ్బు సగమంది లెక్క.
తీసేయడమంటే ఏమిటో చెప్పలేదు.

వెళ్ళాడు.
మూడు బారల దూరంలో నిలబడి
పోయినవాళ్ళని ముట్టుకోవద్దన్నాడు.
ఆమె వాదించలేదు.
"మరి కుంబా కూతుర్ని ఎవరు కడుగుతారు?" అని
లోపలికెళ్ళి స్టూలు తెచ్చి వేసింది.
ఎండ.
కూర్చున్నాడు.

సాయంత్రం సుద్దముక్కతో బల్లముందు:
తన చుక్క ఎక్కడ పెట్టాలి,
స్టూలు
గీత కిందకి వస్తుందా, రాదా.