రెండు మెరుపుల మధ్య

బాలాపూర్ దాటాక, రాళ్లగుట్ట వెనక మా షెడ్డు.
బయట మే నెల.
లోపల తలుపు సందుల్లో కూడా నల్లగుడ్డ.
అద్దాలు పెట్టుకున్నామా లేదా అని
గౌస్ మొహియుద్దీన్ ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వస్తాడు.
"కన్ను పోతే స్టోర్సులో దొరకదు మేడమ్."

గది మధ్యన, నా రెండు చేతులు చాపినంత రోటర్.
హెలికాప్టర్ లేని హెలికాప్టర్.
నిమిషానికి పన్నెండు వందల చుట్లు,
ఎక్కడికీ పోదు.
కింద గాలి ఉందని
నా జుట్టుకి తెలుసు, టేబుల్ మీది కాగితాలకి తెలుసు.
కంటికే తెలీదు.

అందుకని పొగ.
ఆలివ్ నూనెని చిదిమి చిదిమి తీసిన పొగ,
వెంట్రుక మందంలో డెబ్బయ్యో వంతు బొట్లు,
గాలి ఎటంటే అటు.
గౌస్ వాళ్ల అబ్బా
పత్తర్‌గట్టీలో పొద్దున్నే కొట్టుకొట్టుకీ తిరిగి
గల్లాపెట్టెల మీదికి లోబాన్ పొగ విసిరేవాడట,
నెమలీకల కట్టతో.
"ఏ కొట్లో గాలి ఎటు తిరుగుద్దో
కళ్లు మూసుకుని చెప్పేటోడు. లేజర్ లేదు, ఏం లేదు."

లైట్లు ఆర్పాం.
పచ్చటి వెలుగు, పలచగా, అప్పడంలా,
చీకటిని నిలువునా కోసింది.
ఒక మెరుపు, ఒక ఫొటో.
సెకనుని లక్ష ముక్కలు చేసి
రెండు ముక్కలు పోనిచ్చి
ఇంకో మెరుపు, ఇంకో ఫొటో.
ఇక్కడి చుక్క అక్కడుంది.
ఎంత జరిగింది, ఎటు జరిగింది:
పద్దెనిమిదేళ్లుగా నా జీతం ఈ రెండు ప్రశ్నలకే.

రెక్క కొస నుంచి జారిన సుడిని
వెనకొచ్చే రెక్క గుద్దుకుంటుంది.
హకీంపేట నుంచి ఏదైనా లేచినప్పుడల్లా
అల్వాల్లో మా వంటింటి గిన్నెలు ఒణికే
ఆ ధబధబ అదే.
ఆ సుడే కావాలి మాకు.
దొరికింది కూడా.
నడిమధ్యన జొన్నగింజంత నల్లటి బొక్కతో.

కెమెరా అనుకుని లెన్సు తుడిచాం.
మళ్లీ తుడిచాం.
నిజానికి నాకు తెలుసు.
అంత గట్టిగా తిరిగే చోట
నూనెబొట్లు నిలవవు, అంచుకి విసిరేస్తుంది.
మేం పంపిన సాక్షులందర్నీ బయటికి నెట్టి
లోపల గడియ పెట్టుకుంది.

ఆ గడిలో ఒక గీత గీసి
రిపోర్టు పంపేశాను.

మర్నాడు గౌస్ జేబులోంచి కాగితప్పొట్లం తీశాడు.
పసుప్పచ్చటి లోబాన్ గడ్డ.
"ఇది పోతదేమో మేడమ్, ఆ బొక్కలకి."
లెన్సులు పాడైపోతాయన్నాను.
పోదులే అన్నాను.
పొట్లం మాత్రం వెనక్కివ్వలేదు.
సొరుగు తీసినప్పుడల్లా రీడింగుల పుస్తకం
ఆ వాసన వేస్తోంది.