మూడొందల యాభై కన్ను

నెల్లూరు ట్రంకు రోడ్డులో, గొడుగులు బాగుచేసే బంకు పక్కన
మూడొందల యాభైకి కొన్నాను దీన్ని.
ఐదొందలు చెప్పాడు. మైపాడు బస్సెళ్ళిపోతోందని
వెనక్కి తిరిగితే పిలిచిచ్చాడు.
డబ్బా మీద పేరు లేదు, ఊరు లేదు,
విండోసుకు మాత్రమేనని ఉంది
చీమ తలకాయంత అక్షరాల్లో.

మా హాచరీ ల్యాబులో విండోసు పోయి రెండేళ్ళు.
వైరస్ తగిలిందన్నాడు ఓనరు.
రొయ్యపిల్ల చచ్చినా, కంప్యూటరు చచ్చినా
ఆయన చెప్పే జబ్బు అదొక్కటే.
అప్పుడే మా చిన్నాన్న కూతురు హైమ
పెన్‌డ్రైవులో లినక్సు తెచ్చి ఎక్కించి పోయింది.
డబ్బులక్కర్లేదక్కా, అర్థం చేసుకుంటే చాలంది.
డబ్బులే తేలికని తర్వాత తెలిసింది.

డబ్బాలో అరచేతికంటే చిన్న సీడీ.
పెడదామంటే మా కంప్యూటరుకు ఆ నోరే లేదు.
మాలకొండయ్య దాన్ని పురికొసకు కట్టి
బయటి చెరువు గట్టున వేలాడదీశాడు.
ఎండకు తళుక్కుమంది, నీటికాకులు లేచిపోయాయి.
ఆ రోజుకి చెప్పగానే పనిచేసింది అదొక్కటే.

వైరు గుచ్చాను. కెమెరాకు ఎర్రదీపం వెలిగింది.
తెర మాత్రం నల్లగా,
అందులో నా మొహం, వెనక ట్యూబులైటు.
ఏమేం తగిలించి ఉన్నాయో చెప్పమంటే
కీబోర్డు, మౌసు, నాలుగో వరసలో
పేరు లేకుండా ఉత్త అంకెలుగా ఇది.
అంటే వచ్చింది. గుమ్మంలో నిలబడి ఉంది.
రమ్మనేవాళ్ళే లేరు.

"వీడియో గుంపులో నీ పేరుందా అక్కా?"
ఫోనులో హైమ, సచివాలయం మెట్ల మీద
పింఛను జాబితా గురించి అడిగినట్టే అడిగింది.
లేదు.
తను చెప్పిన వరస అక్షరం అక్షరం కొట్టాను.
గీత మరిచి రెండుసార్లు, పెద్దక్షరం పడి ఒకసారి
కంప్యూటరు చేత కాదనిపించుకున్నాను.
ఎక్కిందంటే, ఇప్పుడు బయటికి పోయి మళ్ళీ రా అంది.
కుర్చీలోంచి లేచాను.
నువ్వు కాదక్కా, లాగవుట్.

బొమ్మొచ్చింది.
బొమ్మ నిండా చారలు, నవారు మంచంలా,
పైనుంచి కిందికి పాకుతూ.
యాడనో కరెంటు సెకనుకు అరవైసార్లు ఊగుతుందట,
ఇది ఇంకా ఆ ఊరి లెక్కలోనే చూస్తోంది.
అరవై కొట్టేసి యాభై రాశాను.
చారలు నిలిచిపోయాయి.
మైపాడు వచ్చినట్టు దానికి అప్పుడు తెలిసింది.

సైకిలు ట్యూబు ముక్కతో మైక్రోస్కోపుకు బిగించి,
బొటనవేలి గోటితో అద్దం తిప్పుతూ తిప్పుతూ ఉంటే
మస్తానమ్మ వచ్చింది, చేతిలో గాజు గ్లాసుతో.

పద్నాలుగేళ్ళుగా ఆమె గ్లాసు వెలుతురుకెత్తి
కన్ను చికిలించి చెప్తుంది,
తోకెనక దారం వేలాడతుంటే కడుపు నిండినట్టు,
లేకుంటే అర్ధరాత్రైనా మేత పోయమని.
ఆమె చెప్పింది నేను రిజిస్టరులో రాస్తాను.
కింద సంతకం నాది.

చుక్క నీళ్ళు గాజుపలక మీద వేసింది.
తెర మీద బారెడంత పిల్ల,
నల్లటి కళ్ళు, పేగులో తిన్న నాచు గోధుమ గీతగా,
దాని వెనకే దారం. సరిగ్గా ఆమె చెప్పినట్టే.
దారాన్ని ఆమె చూడనే లేదు.
తల వెనక ఏదో టపటపా ముడుచుకుంటోంది.
"ఏందబ్బా అది?"
గుండె అన్నాను.

కాసేపేం మాట్లాడలేదు.
"మగ్గుతో పోసినానే ఇన్నేళ్ళు,
మగ్గుకింతని లెక్కేసి."
మళ్ళీ తనే,
"లైటాపు మే, చుక్క ఆరిపోతుండాది."

ఆపేముందు ఒక ఫోటో తీశాను,
రైతులకు చూపాలని ఓనరు అడిగాడు కదా.
అది తలకిందులుగా వచ్చింది. రేపు చూడాలి.
ఫైలుకు పేరు పెట్టమంది కంప్యూటరు.
మస్తానమ్మ, గీత, ఒకటి.
ఈసారి గీత మరిచిపోలేదు.