తుమ్ము

మిరప యార్డులో తొడిమలు తీసే చేతులు నావి.
ఘాటుకి తుమ్మొస్తే
ముక్కు కంటే ముందు చీర తడిసేది.
పదకొండేళ్లు నల్లచీరలే కట్టాను.

గుంటూరు కొత్తపేటలో డాక్టరమ్మ
వేలు వెడల్పు పట్టీ ఒకటి లోపల ఊయలలా కట్టి
"సాయంత్రానికి లేచి కూర్చుంటావు సువార్తమ్మా" అంది.

సాయంత్రానికి పక్కగుడ్డ తడిసింది.
మళ్లీ అదేననుకుని
సిగ్గుతో కాళ్లు ముడుచుకున్నాను, ఎవరికీ చెప్పలా.
దుప్పటి ఎత్తిన నర్సు పరుగెత్తింది.
ఎరుపు.

గుడ్డ కుక్కి అదిమి పట్టారు.
తెల్లారేసరికి పొత్తికడుపు కింద వంకాయ రంగు గడ్డ.
పదేళ్లుగా మాట్లాడని ఆడపడుచు
రక్తమిచ్చి, బ్రెడ్డు ముక్క నములుతూ
నా మంచం పక్కనే కూర్చుంది.

నలభై రోజులకి యార్డు గేటు దగ్గర
గాలి నిండా కారం.
తుమ్మొచ్చింది.
పాత అలవాటున తొడలు బిగబట్టాను.
చెయ్యి పెట్టి చూసుకున్నాను. పొడి.

అయినా కట్టింది నల్లచీరే.