అంచు రంగులు

విల్నియస్‌లో మూడో అంతస్తు. నవంబరు.
రేడియేటర్ ఇంకా వెచ్చబడలేదు గానీ
నా ల్యాప్‌టాప్ కుంపటిలా కాగుతోంది.
ఆరు గదులు తెరిస్తే ఆయాసపడుతుంది,
ఏడో తలుపు తడితే
చోటు లేదంటుంది కరాఖండిగా,
మా ఇంటి ఓనరు రిమ్‌గౌదాస్ లాగే.

యాద్విగా దీన్ని నాకు అంటగట్టి రెండేళ్ళు.
"ఇది ఒక యంత్రం కాదు, ఒక వాడ" అంది,
గోడకి చెవి ఆనించినా పక్కింటి మాట వినపడని వాడ.
బ్యాంకుకి ఆకుపచ్చ అంచు కిటికీ,
ఆఫీసుకి నీలం,
ఊరూ పేరూ లేని లింకులకి ఎరుపు.
నల్లంచు గదికి మాత్రం బయటికి దారే లేదు,
తీగ లేదు, వైఫై లేదు.
నాకు కబురు చెప్పినవాళ్ళ పేర్లు అందులో కూర్చుని
ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటాయి.

మొదటి నెలంతా తిట్టుకుంటూనే గడిచింది.
ఒక్క వాక్యాన్ని ఎరుపులోంచి నీలంలోకి తేవాలంటే
ఇక్కడ ఎత్తుకోవాలి, గుమ్మం దగ్గర పెట్టాలి,
అవతలి గుమ్మంలో అందుకోవాలి, అప్పుడు దించాలి.
చంటిపిల్లల్ని ఏరు దాటించినట్టు
ఒక్కో మాటనీ.
పెన్‌డ్రైవ్ గుచ్చితే ఏమీ జరగదు.
బయటినుంచి వచ్చిన ప్రతిదీ దీని లెక్కలో ఎంగిలే,
వాకిట్లో నిలబెట్టి ఎవరింటికని అడిగి
నేను ఊఁ అంటేనే లోపలికి.
ప్రింటర్ సంగతి అడక్కండి.
వీధి చివర జిరాక్స్ కొట్టు దానుటే
నాకిప్పుడు ప్రాణస్నేహితురాలు.

ఒకసారి సంపాదకవర్గం వీడియో సమావేశం.
పది ముఖాల మధ్య నేనొక్కదాన్నే
చేపలా నోరు తెరుస్తూ మూస్తూ.
మైకుని ఆ గదికి తగిలించలేదు మరి.
తాళం వేసి గొళ్ళెం మరిచారంటారే,
నేను గొళ్ళెం మీద గొళ్ళెం పెట్టి
నా గొంతునే బయట మరిచాను.

అన్నిటికంటే నాకు నచ్చింది విస్తరాకు గది.
ఎవరో పంపిన ఫైలు అందులో వడ్డించుకుని,
చదివి, మూసేస్తే చాలు.
ఆకు లేదు, మెతుకు లేదు,
తిన్నామన్న గుర్తూ లేదు.

గురువారం రాత్రి అలాంటి ఫైలొకటి వచ్చింది.
చేత్తో రాసిన మూడు పేజీల ఫొటోలు, హ్రోద్నా నుంచి,
సెవ్యారిన్.
ఇరవై ఏడు నెలల తర్వాత విడిచిపెట్టారట.
నల్లంచు గదిలో ఒక పేరు అతనిది.
నా గోడలు నిలిచాయి. దొరికింది అతని ఇంట్లో,
ఒక్క తలుపు తోస్తే అన్ని గదులూ తెరుచుకునే
మామూలు కంప్యూటర్లో.
దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు.
చలి గురించి రాశాడు, పళ్ళ నొప్పి గురించి,
చివర్న అడిగాడు,
నా సైకిలు ఎవరి దగ్గరుంది?

అర్ధరాత్రి దాటేదాకా జవాబు రాశాను.
అతని అక్షరాల పక్కనే, ఆ కిటికీలోనే,
ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు.
తర్వాత చెయ్యి అలవాటుగా వెళ్ళి
మూసేసింది.

అంతే. ఉత్తరం మెయిల్లో భద్రంగా ఉంది.
జవాబు లేదు.
వెతికాను. ఏ గదీ ఎరగనంది.
అలాంటి గది ఒకటి ఉండేదనే ఎవరికీ తెలియదు.
ఫోన్లో యాద్విగా, నిద్రమత్తులో:
"అంటే పనిచేస్తోందన్నమాట."

మళ్ళీ రాశాను, ఈసారి నీలంలో.
సైకిలు దానుటే వాళ్ళ సెల్లార్లో ఉందని,
ముందు చక్రంలో గాలి లేదని.
మొదటి జవాబులో ఇంకో మాట ఉంది,
ఆ మూడు పేజీల్లో అతను రాయనిదాని గురించి.
రెండోసారి అది రాలేదు.
మరిచిపోయానో, మరిచిపోనిచ్చానో.

పొద్దున మూత తెరిస్తే వైఫై ఇంకా నిద్రలేవలేదు.
మామూలే.
నెట్‌వర్కు గదిని చంపి మళ్ళీ బతికించాలి,
అర నిమిషం పని.
నీలం అంచులో జవాబు
పంపడానికి సిద్ధంగా ఉంది.
ఆ అర నిమిషమూ
నేను కెటిల్ వైపే చూస్తూ నిలబడ్డాను.