నలభై మూడో పేజీ

గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు పక్క సందు.
మేడమెట్ల కింద ఒక బల్ల, మెడ తిప్పే ఫ్యాను.
అది ఇటు తిరిగినప్పుడల్లా
నా పుస్తకం లేచి పోవాలని చూస్తుంది.
జకరయ్యగారు దాని మీద టీ గ్లాసు పెడతారు.

నూట అరవై పేజీలు. పదకొండేళ్లు, మూడు దేశాలు.
పగలు స్టాటిస్టిక్స్ చెప్పి
రాత్రిళ్లు తెలుగులో రాసుకున్నవి.
వినే చెవి లేని చోట
కుక్కర్ కూతకీ, కిటికీ అద్దానికీ
వినిపించి సరిచూసుకున్నవి.

ఆయన చదువుతున్నట్టు ఉండదు, తడుముతున్నట్టు ఉంటుంది.
సీసం అక్షరాలు పేర్చిన వేళ్లు.
ముప్పై ఏళ్లు ప్రతి మాటనీ తిరగేసి చదివిన కళ్లు
తిన్నగా ఉన్న వాక్యాన్ని ఇప్పటికీ నమ్మవు.

ఒత్తు జారిన చోట ఎర్ర చుక్క.
దీర్ఘం మింగిన చోట ఎర్ర కొక్కెం.
పోలండ్ దగ్గర పెన్ను ఆగింది.
"మంచు తెల్లగా ఉందని ఏడు చోట్ల రాశారు మేడమ్.
దానికి ఇంకేం లేదా?"
ఉంది. పడబోయే ముందు వాసనొస్తుంది,
తడిగుడ్డతో తుడిచిన పలకలాగా.
"మరి అది రాయరేం?"

ఈయన వెళ్లిన దూరం ఎంతని అడిగాను, కొంచెం ఉక్రోషంతోనే.
సీతానగరం నుంచి ఇక్కడికి, సైకిల్ మీద, బ్యారేజీ దాటి.
"డెబ్బై గేట్లు. రోజూ లెక్కపెడతాను.
ఒక్కో రోజు అరవై తొమ్మిదే వస్తాయి.
ఆ రోజు ప్రూఫులు రెండుసార్లు చూస్తాను."

నలభై మూడో పేజీలో
నైలు పుట్టే సరస్సు మీద సూర్యోదయం.
"బంగారు పళ్లెంలా మెరిసిపోతున్న జలరాశి..."
ఒక్క అక్షరం దిద్దలేదు.
అంచున మాత్రం చిన్నగా రాశారు:
చూసి రాశారా, చదివి రాశారా?

లేచి వచ్చేశాను.
ఏలూరు రోడ్డు పొడుగునా ఎండ.
పుస్తకాల షాపు గాజు వెనక
దేశాలు తిరిగొచ్చిన వాళ్లందరూ
అట్టల మీద ఒకేలా నవ్వుతున్నారు.
మీరూ అంతేనా, అడగాలనిపించింది.
ఊరు దాటగానే
చూసింది వదిలేసి, చూడాల్సింది రాశారా?

ఆ పొద్దున నాకు జ్వరం.
బహిర్ దార్‌లో మూడో అంతస్తు గది,
సరస్సుకి వీపు పెట్టిన కిటికీ.
కింద పెరట్లో ఇంటామె పట్టా పరిచి
ఎండు మిరపకాయలు ఆరబోస్తోంది.
కోరు పైకొచ్చింది. తుమ్మాను. ఆమె పైకి చూసి నవ్వింది.
ఒక్క క్షణం నేను గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర
ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని
రిక్షా కోసం నిలబడ్డాను.

ఇంతే జరిగింది.
నైలు గురించి రాయడానికి వెళ్లినదాన్ని
మిరపకాయల గురించి ఏం రాస్తానని
కరపత్రం చూసి సూర్యుణ్ణి తెచ్చి పెట్టాను.
ఆమె పేరు త్సెహాయ్.
వాళ్ల భాషలో ఆ మాటకి సూర్యుడనే అర్థమని
నాకు అప్పటికే తెలుసు.

మర్నాడు వెళ్లేసరికి
పేజీలో ఆ పేరా మీద అడ్డంగా ఎర్ర గీత,
కింద ఖాళీ.
నేనేమీ చెప్పలేదు, ఆయనేమీ అడగలేదు.
పెన్ను మూత తీసి నా వైపు జరిపారు.
"నాలుగు లైన్లే మేడమ్.
ఐదోది రాశారంటే పేజీ మారిపోద్ది,
విషయసూచికంతా మళ్లీ కొట్టాలి."

ఫ్యాను అటు తిరిగింది.
టీ గ్లాసు పక్కకి పెట్టి కూర్చున్నాను.
మూడో లైను దగ్గర
తుమ్మొచ్చింది.