తప్పు తలుపు

తెల్లవారుజామున నాలుగున్నరకి, డిపోలో,
గొట్టంలో ఊదమన్నారు.
ఊదాను.
అరచేతిలో పట్టే ఆ డబ్బా
పదకొండేళ్లుగా నేను చెప్పనిది
మూడు సెకన్లలో చెప్పేసింది.

వూచ్ నగరంలో ట్రాము నడిపేదాన్ని.
పట్టాలున్నాయి గనక ఎప్పుడూ దారి తప్పలేదు.
దిగాక నా నడకకి పట్టాల్లేవు.

తాళాలు తీసుకుంటూ ఫోర్‌మన్ జెలిస్లావ్
పాత టికెట్ వెనక ఏదో గీకిచ్చాడు:
గురువారం, నూలుమిల్లు వెనక చర్చి భవనం.
అతనికెలా తెలుసో
నేనడగలేదు, అతను చెప్పలేదు.

మొదటి గురువారం గేటు దాకా వెళ్లి
పొద్దుతిరుగుడు గింజల పొట్లం కొనుక్కుని వచ్చేశాను.
రెండో గురువారం ఎదుటి స్టాపులో నిలబడ్డాను.
నా నంబరు బండ్లే మూడు పోయాయి,
ఒకడు గుర్తుపట్టి గంట కొట్టాడు.
మూడోసారి వానతో కలిసి మంచు పడింది.
ధైర్యం కాదు, చలి నన్ను లోపలికి తోసింది.

పిడికిట్లో తడిసి టికెట్ మీద గంట చెరిగిపోయింది.
ఓరగా తెరిచిన తలుపు, టీ వాసన,
గుండ్రంగా కుర్చీలు, తొమ్మిదిమంది.
చివరి కుర్చీలో కూర్చున్నాను
వణికే చేతులు తొడల కింద దాచుకుని.

ఒకావిడ లేచింది.
"ఈ చలికాలం రెండు కుటుంబాలు పోగొట్టుకున్నాను.
తప్పు నాదే. ఆకలి కనిపెట్టలేకపోయాను."
అందరూ తలూపారు. ఒక్కరూ దెప్పలేదు.
నా కళ్లు నిండిపోయాయి.
రాదోష్ పిల్లాణ్ణి తీసుకుని
అక్కగారింటికి వెళ్లిన రాత్రి
స్టవ్ మీద సూప్ మాడుతూనే ఉంది.

అప్పుడెవరో అడిగారు:
"పెట్టెలో పేలు పడ్డాయా, లేక చక్కెర పాకం చాల్లేదా?"

తేనెటీగలు పెంచేవాళ్ల సంఘమది!
పట్టుని వాళ్లు కుటుంబమంటారు.

లేచిపోవడానికి సిగ్గేసి గంటసేపు విన్నాను.
చలికాలం ఈగలు నిద్రపోవట.
ముద్దగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయట.
అంచున గడ్డకట్టేవి మెల్లగా మధ్యకి,
మధ్యలో కాగినవి అంచుకి, వంతులవారీగా.
ఎగరకుండానే ఒళ్లు వణికిస్తాయట.
ఆ వణుకే వాటి పొయ్యి.

చేతులు బయటికి తీశాను.

అందరూ గొడుగులు వెతుక్కుంటుంటే
చెవుల టోపీ ముసలాయన దగ్గరికొచ్చి
"నీకు పెట్టెల్లేవు కదమ్మా" అన్నాడు.
లేవన్నాను.
"నువ్వొచ్చింది పైఅంతస్తుకి. ఏడింటికి.
నాకు రెండూ ఉన్నాయి, ఈగలూ, అదీ."

చెయ్యి పట్టుకోలేదు. ముందు నడిచాడు పాన్ లుడ్విక్,
మెట్టుకో మోకాలి చప్పుడు, మెట్టుకో ఆయాసం.
ఇరుకు మెట్లు. దాటిపోలేను.
వెనక ఇంకెవరో ఎక్కుతున్నారు. తిరిగిపోలేను.
ముందు బండి కదిలితేనే నా బండి.

పైన గొప్పగా ఏమీ లేదు.
అవే కుర్చీలు, ఇంకా పలచని టీ,
గోళ్లరంగు పెచ్చులూడిన ఓ పిల్ల, ఓ పళ్లడాక్టరు,
ఆఖరి స్టాపు వచ్చినా దిగకుండా
నేను లేపితే లేచే నా పాత ప్రయాణికుడు.
నన్ను చూసి పక్కకి జరిగాడు, చోటిచ్చాడు.

"నా పేరు బోగ్నా" అన్నాను.
తర్వాతి మాట గొంతులో ఆగిపోయింది.
వేడినీళ్ల గొట్టం టకటకమంది.
ఆ మాట నా బదులు ఎవరూ పూర్తి చెయ్యలేదు.
"ఇవాళ్టికి పేరు చాలు" అంది గోళ్ల పిల్ల.

మార్చిలో ఒకసారి పడ్డాను.
మళ్లీ వెళితే కుర్చీ అలాగే ఉంది,
ఎవరిదో కోటు వేసి ఉంచారు దాని మీద.
డిపోలో ఇప్పుడు ట్రాము అద్దాలు కడుగుతున్నాను.
తాళాలింకా జెలిస్లావ్ దగ్గరే.

గురువారాలు ఒక గంట ముందే వెళ్లి
కింద గదిలో కూర్చుంటాను.
కొత్తగా వచ్చినాయన మొన్న అడిగాడు,
మీకెన్ని కుటుంబాలని.

ఒకటి, అన్నాను.
ఇంకా మూత తీసి చూడలేదు.
చలి కాస్త తగ్గాలి.