పెన్సిల్‌తో గీసిన ఏరు

ఇక్కడ డిసెంబరంటే వేసవికి మొదటి మెట్టు.
గొర్రెలకు ఉన్ని దింపేశారు.
బడి తెరిచిన రోజున గుండుతో వచ్చిన పిల్లల్లా
కొండ వాలున ఒకదాని చాటున ఒకటి సిగ్గుపడుతున్నాయి.

ఏరు పేరు ఒరేటి.
మావోరీల మాట, అర్థం నాకు తెలీదు.
నా చెవికి మాత్రం ఎవరో గట్టు మీంచి
"ఒరే, ఏటికి పోదామా" అన్నట్టుంటుంది.

డూగల్ మెక్‌రాయ్ వంటింట్లో
టీ చల్లారిపోయింది.
స్కూలు బస్సు తాళాలు మెడలోంచి తీయకుండానే
ఫెనెల్లా పాత కరెంటు బిల్లు వెనక పట్టీ రాస్తోంది:
గుడారం. దాని మేకులు, పోయినసారికే రెండు తక్కువ.
ఓట్స్, బేకన్, ఉల్లిపాయలు నాలుగు.
ఇసుక ఈగలకు మందు రెండు సీసాలు,
ఒకటి ఒంటికి, ఇంకోటి పంతానికి.
"విస్కీ?"
"రాయకు. రాసినవే మనం మర్చిపోయేది."

శుక్రవారం నాలుగింటికి ఆఖరి పిల్లాణ్ణి దింపేస్తే
ఆరున్నరకల్లా గుడారం లేస్తుంది.
పొద్దు తొమ్మిదిన్నర దాకా ఎక్కడికీ పోదు.
గాలే, వాయవ్యం నుంచి వచ్చిందంటే
గాలం తాడు ఏటి మీద కాక మన టోపీ మీద వాలుతుంది.

ఒక ఏటి పాచి ఇంకో ఏటికి అంటకూడదని
సబ్బునీళ్ళలో ముంచి తీసిన బూట్లు
దండెం మీద మడిబట్టల్లా
ఎవర్నీ తాకనివ్వకుండా వేలాడుతున్నాయి.

అతను ఈగలు కడుతున్నాడు.
కుందేలు చెవి వెంట్రుకలు, రాగి తీగె,
నెమలి ఈకలోంచి లాగిన ఒక్క పోగు.
మూడు చుట్లకు ఈగ కాని ఈగ ఒకటి పుడుతుంది.
ఆ వేళ్ళకు కళ్ళతో పని లేదు.
కొక్కెం కంట్లోకి దారం దూర్చే వేళకి మాత్రం
అతనికి కిటికీ అవతల గాలి చూడాలనిపిస్తుంది.
ఆమె మాట్లాడకుండా దూర్చి ఇస్తుంది.
రెండేళ్ళుగా అతని చూపుకి నట్టనడుమ పొగ.
నీ ముఖం చూడాలంటే
నీ చెవి వైపు చూస్తాడు.

పిండి సంచి చింపి, దాని మీద ఏరు గీశాడు.
మొదటి వంపు, కంచె దాటే చోటు,
మూడో వంపులో కూలిన విల్లో, దాని కింద నల్లమడుగు.
"అక్కడుంది ముసలి ట్రౌట్. నాలుగు కిలోలు.
నన్ను పదేళ్ళుగా ఎరుగును,
గౌరవం మాత్రం లేదు."

ఆమె చేతిలో పెన్సిల్ ఆగింది.
పోయిన ఆదివారం ఒక్కతే వెళ్ళి చూసొచ్చింది.
సెప్టెంబరు వరద మూడో వంపును మింగేసింది.
మడుగున్న చోట ఎండకు మెరిసే గులకరాళ్ళు,
వాటి మధ్య ఏవో పక్షులు పెట్టిన గుడ్లు.
ఏరు అవతలి గట్టుకి కాపురం మార్చేసింది.
మాట నోటి దాకా వచ్చి
చల్లటి టీతో కలిసి వెనక్కి పోయింది.

"మడుగు లేదు కదూ?"
...
"నువ్వు రాయడం ఆపేశావు, వినపడింది.
వరద రాత్రి నిద్రపోలేదు నేను.
ఎగువ నుంచి రాళ్ళు దొర్లుతూనే ఉన్నాయి.
అంతంత రాళ్ళు లేచి నడిచాక
ఏరు మాత్రం ఉన్నచోట ఉంటుందా?"

"తెలిసీ ఎందుకు గీశావు?"

"ఎక్కణ్ణించి పోయిందో తెలిస్తేనే కదా
ఎటు పోయిందో వెతకడం."
చెవి వైపు చూస్తూ నవ్వాడు.
"పెన్నుతో గీశానా ఏం?"

ఆమె రబ్బరు కోసం సొరుగులన్నీ వెతికి
ఆఖరికి రొట్టె మెత్తన ముద్ద చేసి చెరిపింది.
అతని చూపుడు వేలు పట్టుకుని
కొత్త ఏటి వెంట నడిపించింది.
ఇక్కడ మోకాలి లోతు. ఇక్కడ రాయి గుమ్మడికాయంత.
ఇక్కడ నీళ్ళు నల్లగా ఉన్నాయి, నేను దిగలేదు.

వేలు అక్కడ ఆగిపోయింది.
"చప్పుడుందా అక్కడ?"
"లేదు."
"అయితే సామాను అక్కడే దింపుకుంది ముసలిది."

బిల్లు వెనక మిగిలిన ఖాళీలో
ఆమె రాసుకుంది:
మేకులు రెండు. రబ్బరు.